లెక్క రాసేదెవరు, దారి చూపేదెవరు? – హైదరాబాద్ చెరువులు, కంచల్లో క్షేత్ర పరిశీలన చరిత్ర

ప్రతి ఏడాదీ జనవరిలో హైదరాబాద్ చెరువు కట్టల మీద పొద్దు పొడవకముందే కొందరు కనిపిస్తారు. మెడలో బైనాక్యులర్లు, చేతిలో నోటుపుస్తకమో ఫోనో. ఆసియా దేశాల్లో చలికాలపు నీటిపక్షుల గణన 1987 నుంచి జరుగుతూ వస్తున్నది. ఒకే కాలంలో అనేక చెరువుల దగ్గర నిలబడి లెక్క రాయడం దాని పద్ధతి. అదే పొద్దున, అదే కట్ట కింద ఇంకొందరు ఉంటారు. మోకాలి లోతు బురదలో గడ్డి కోసే ఆడవాళ్ళు, వల తీసే బెస్తవాళ్ళు, గుర్రపుడెక్క లాగే కాంట్రాక్టు కూలీలు, బర్రెల్ని తోలుకొచ్చిన పిల్లలు. అందరూ చూసేది అవే నీళ్ళను. కట్ట మీదివాళ్ళు చూసింది శాస్త్రం కింద నమోదవుతుంది. కట్ట కిందివాళ్ళు చూసింది ఎక్కడా నమోదు కాదు. పైగా ఏదో ఒకరోజు వాళ్ళ పేర్లు కూడా ఒక జాబితాకెక్కుతాయి – ఆక్రమణదారుల జాబితాకు.

నగరంలో మిగిలిన చెరువుల్నీ, గుట్టల్నీ, కంచల్నీ పరిశీలించే పనిని సమన్వయం చెయ్యడం అంటే ఏమిటి? ఎవరు ఎప్పుడు ఎక్కడ నిలబడాలి, ఏం చూడాలి, ఎట్లా రాయాలి, రాసింది ఎవరి దగ్గర ఉండాలి – ఇవి నిర్ణయించడమే. పర్యావరణవేత్తలు దీన్ని సాంకేతిక విషయంగా చూస్తారు. మేము అట్లా చూడటం లేదు. ఎవరు నిర్ణయిస్తారు అన్నకాడనే కులం లోపలికి వస్తుంది. పరిశీలన లేకపోతే చెరువు పోతుంది, నిజమే. కానీ మనుషుల్ని వదిలేసి చేసిన పరిశీలన చెరువును కాపాడే పేరుతో బస్తీని లేపేస్తుంది. ఈ రెండు మాటల్నీ ఒక్కచోట పెట్టి చూడాలన్నదే ఈ వ్యాసం ఉద్దేశం. పిట్టల లెక్కకు మేము వ్యతిరేకం కాదు. ఆ లెక్క ఇంకా గట్టిగా, ఇంకా నిజంగా ఉండాలని కోరుకునేవాళ్ళం.

నీరటి చేసిన పని

తెలంగాణ పల్లెల్లో చెరువు మీద పెత్తనం పటేల్, పట్వారీలది, ఆయకట్టు భూములున్నోళ్ళది. చెరువు పని మాత్రం నీరటిది. తూము ఎత్తడం, దించడం, ఏ మడికి ఎంతసేపు నీళ్ళు పారాలో చూడటం, వానాకాలంలో రాత్రిపూట కట్ట మీద కావలి కాయడం, ఎండ్రకాయలు, ఎలుకలు చేసిన బొక్కల్ని పూడ్చడం, మత్తడి దుంకే ముందు ఊరికి చెప్పడం – ఇవన్నీ ఆయన బాధ్యతలు. ఈ పని చేసినవాళ్ళు ఎక్కువగా దళిత కులాలవాళ్ళు. కల్లంలో ఇచ్చే గింజలు, కొన్నిచోట్ల చిన్న ఇనాం చెలక, అంతే వాళ్ళకు దక్కింది.

చెరువులు ఒంటరిగా ఉండవు, గొలుసుకట్టుగా ఉంటాయి. పై చెరువు మత్తడి నీళ్ళు కాలువ పట్టుకొని కింది చెరువులోకి పోతాయి. పై ఊరి కట్ట మీద జరిగింది కింది ఊరికి తెల్లారేలోపు తెలవాలి. తెలవకపోతే కట్ట తెగుతుంది. అంటే నీరటి చేసింది ఒక్క చెరువు కాపలా కాదు. ఒక పరీవాహక ప్రాంతం మొత్తాన్నీ కళ్ళతో, కాళ్ళతో, కబురుతో కలిపి ఉంచడం. ఈనాడు మనం పెద్ద మాటలతో చెప్పుకునే క్షేత్ర సమన్వయం ఇదే. ఏ రాయి మునిగితే ఎన్ని దినాల్లో మత్తడి పడుతుందో, ఏ కాలంలో ఏ పిట్ట ఏ మూలకు దిగుతుందో ఆయనకు తెలుసు. అది ఆయన కొలువులో భాగం. మరి ఈ మనిషిని శాస్త్రజ్ఞుడని ఎవరన్నా అన్నారా? ఊరికంతా నీళ్ళు పంచిన ఆ చెయ్యి ఊరి నడుమ బాయిలో చేద వెయ్యడానికి మాత్రం పనికిరాకపోయింది. నీళ్ళ తెలివి ఒక కులం దగ్గర, నీళ్ళ మీద హక్కు ఇంకో కులం దగ్గర. చెరువు చరిత్రలో కులవ్యవస్థ చేసిన పని ఇదే.

హైదరాబాద్ అటువంటి చెరువుల నడుమ పుట్టిన నగరం. హుస్సేన్ సాగర్ 1562లో, ఇబ్రహీం కులీ కుతుబ్‌షా కాలంలో తయారయ్యింది. చార్మినార్ కంటే ముందటిది. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలమందిని పొట్టన పెట్టుకున్నది. ఆ తర్వాత నిజాం ప్రభుత్వం పిలిపించిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య, నగరానికి ఎగువన మూసీ పరీవాహకంలో 788 చెరువులున్నాయనీ, వాటిలో 221 తెగాయనీ లెక్క తేల్చాడు. ఆ వరద అనుభవంతోనే 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ వచ్చాయి. వాటిని కట్టించిన నిజాం పేరు, పథకం గీసిన ఇంజనీరు పేరు మనకు తెలుసు, తెలవాల్సిందే. తెగిన చెరువుల సంఖ్యా చరిత్రకెక్కింది. ఆ వానల్లో కట్టల మీద కావలి ఉన్నోళ్ళు మాత్రం ఆ చరిత్రలో ఒక సంఖ్యగా కూడా లేరు.

తర్వాత నగరం పెరిగింది. ఆయకట్టు పొలాలు ప్లాట్లయినయి. ఆయకట్టు పోయినకాడ నీరటి పని పోయింది. మాసబ్ ట్యాంక్, నల్లకుంట – పేర్లలో నీళ్ళున్నాయి, నేల మీద లేవు. నగరాభివృద్ధి సంస్థ పరిధిలో 1973లో 932గా ఉన్న చెరువులు, కుంటలు 1996 నాటికి 834కు తగ్గినట్టు పరిశోధకులు లెక్క చెప్పారు. 2020 అక్టోబరు వానలకు పాతబస్తీ అంచుల్లో చెరువు కట్టలు తెగి పేదల బస్తీలు మునిగినప్పుడు, పై చెరువు సంగతి కింది చెరువుకు చెప్పే ఆ పాత ఏర్పాటు ఎప్పుడో పోయింది. కొలమానాలున్నాయి, ఉపగ్రహ చిత్రాలున్నాయి. కట్ట మీద రాత్రి నిలబడే మనిషి లేడు.

పిట్ట అన్న మాట ఎవరిది?

నగరంలో ఈనాడు జరుగుతున్న పిట్టల పరిశీలనకు వెనుక ఉన్న చరిత్రను కొంచెం చూద్దాం. అది నగరం బయట, అడవుల్లో, పల్లెల్లో మొదలైంది. అక్కడ పడిన అలవాట్లే నగరానికి వచ్చాయి.

ప్రపంచ పక్షిశాస్త్రంలో ఒక జాతికి పెట్టిన పేరు 'పిట్టా'. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు వియ్యో 1816లో ఆ పేరు పెట్టాడు. అది మన తెలుగు 'పిట్ట'. మన నోటి మాట లాటిన్ పేరయి ప్రపంచమంతా తిరుగుతున్నది. మద్రాసు ప్రెసిడెన్సీలో సైనిక వైద్యుడిగా వచ్చి నెల్లూరులో కూడా పనిచేసిన జెర్డన్, 1862–64 మధ్య భారతదేశ పక్షుల మీద పెద్ద గ్రంథం అచ్చువేశాడు. అందులో పక్షి తర్వాత పక్షికి తెలుగు పేర్లు ఇచ్చాడు. ఆ పేర్లు ఆయనకు ఎవరు చెప్పి ఉంటారు? పిట్టను దగ్గరగా చూసి, గూడు తెలిసి, కూత విని పోల్చగలిగినవాళ్ళే కదా! వల వేసి, ఉచ్చు పెట్టి బతికిన యానాదులు, పిట్టలోళ్ళు, మేకల్ని తోలే పిల్లలు, అడవిలో కట్టె కొట్టేవాళ్ళు. పేర్లు పుస్తకంలో మిగిలాయి. పేర్లు చెప్పిన నోళ్ళు మిగలలేదు.

కలివికోడి సంగతి ఇంకా స్పష్టంగా చెబుతుంది. 1848లో శాస్త్రగ్రంథాలకెక్కిన ఈ పక్షి ఇంగ్లీషు పేరులో జెర్డన్ ఉన్నాడు. 1900 తర్వాత ఎవరికీ కనపడలేదని, అంతరించిపోయిందని శాస్త్రజ్ఞులు అనుకున్నారు. 1986 జనవరిలో కడప జిల్లా లంకమల దాపున మళ్ళీ దొరికింది. బాంబే నాచురల్ హిస్టరీ సొసైటీ పరిశోధకుడు భరత్ భూషణ్ వెతుకుతుంటే, రాత్రిపూట దాన్ని పట్టుకొచ్చింది ఐతన్న అనే స్థానిక వేటగాడు. ఐతన్న పేరు రికార్డులో మిగిలింది కాబట్టి ఈనాడు రాయగలుగుతున్నాం. ఎందరి పేర్లు అట్లా మిగిలాయి? పైగా 'కలివికోడి' అన్న పేరు అక్కడి జనం నోట్లో ఉన్నది. కలివి పొదల్లో తిరిగే కోడి అని అర్థం. పేరులోనే దాని ఉనికి చెప్పి ఉంది. శాస్త్రం పోయిందన్న పిట్టకు ఊరు పేరు పెట్టి పిలుస్తున్నది. ఎవరి కళ్ళకు అది పోయింది?

హైదరాబాద్ సంస్థానంలో మొదటి పెద్ద పక్షుల సర్వే 1931–32లో సలీం అలీ చేశాడు. నిజాం ప్రభుత్వం సాయం చేసింది. బాంబే సొసైటీ పత్రికలో వరుసగా అచ్చయింది. ఆ పని విలువను తక్కువ చెయ్యడం మా ఉద్దేశం కాదు. ఇవాళ్టికీ దక్కన్ పక్షుల గురించి ఎవరు రాసినా అక్కడినుంచే మొదలుపెట్టాలి. అయితే ఆ కాలపు సర్వేల పద్ధతి ఒకటుంది. ఒక నాయకుడు, ఒక గుడారం, చర్మాలు వొలిచి నింపే సహాయకులు, దారి చూపే స్థానికులు. ప్రశ్న నాయకుడిది, చెమట సహాయకులది, తెలివి ఎక్కువ భాగం దారి చూపినవాళ్ళది, పేరు మళ్ళీ నాయకుడిది. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. అది అవసరమైన చట్టమే. కాని ఉచ్చు పెట్టి బతికినవాళ్ళ దగ్గరున్న తెలివిని రాసుకుని, వాళ్ళకు ఇంకో బతుకుదెరువు చూపిన తర్వాత ఉచ్చు తీసెయ్యమని అడగాల్సింది. రాసుకోవడం లేదు, చూపడం లేదు, కేసులు మాత్రం వచ్చాయి.

పటం లోపల చెరువు, పటం బయట మనిషి

1980లో హైదరాబాద్‌లో ఆంధ్రప్రదేశ్ పక్షి పరిశీలకుల సంఘం ఏర్పడింది. ఇవాళ డెక్కన్ బర్డర్స్‌గా నడుస్తున్నది. ఇట్లాంటి సంఘాల వల్ల క్షేత్ర పరిశీలన తుపాకీ నుంచి నోటుపుస్తకానికి, ఒక్క నాయకుడి నుంచి పదుగురు స్వచ్ఛంద కార్యకర్తలకు మారింది. ఇది నిజమైన మార్పు. ఇంకా తర్వాత పద్ధతి కూడా బిగిసింది. 2014–16లో మైసూరు నగరంలో, 2015–2020 మధ్య కేరళ రాష్ట్రమంతటా పక్షుల అట్లాసులు తయారుచేశారు. ప్రాంతాన్ని గడులుగా విడగొట్టి, కొన్ని గడులు ఎంచుకుని, ఒక్కో గడిలో నిర్ణీత సమయం నడిచి కనబడినవన్నీ రాస్తారు. కేరళలో ఒక్కో జాబితాకు 15 నిమిషాలు. ఇష్టమున్న చోటికి పోయి ఇష్టమున్నంతసేపు చూడటం కాదు. 2025లో హైదరాబాద్‌లోనూ ఇటువంటి అట్లాసు పని మొదలైంది.

గడి పద్ధతిలో ఒక ప్రజాస్వామ్యం ఉంది. గడి జూబ్లీహిల్స్‌లో పడొచ్చు, మురికి నాలా పక్కన బస్తీలో పడొచ్చు. రెండింటికీ అంతే సమయం. ఇది లేనప్పుడు ఏమవుతుందో అమెరికా అనుభవం చెబుతుంది. అక్కడ 1930ల్లో ప్రభుత్వ గృహరుణ సంస్థ నగరాల పటాలు గీసి, నల్లవాళ్ళుండే పేటలకు ఎర్ర రంగు వేసి అప్పులకు పనికిరానివని తేల్చింది. ఆనాడు ఎర్ర రంగు పడ్డ పేటల నుంచి పక్షుల సమాచారం ఈనాటికీ తక్కువగా వస్తున్నదనీ, ఆ తేడా తగ్గకపోగా పెరుగుతున్నదనీ 2023లో వచ్చిన ఒక అధ్యయనం చూపింది. అప్పు ఇవ్వని చోటికి అట్లాసూ పోలేదన్న మాట! ఇక 2020 మే 25న న్యూయార్క్ సెంట్రల్ పార్కులో క్రిస్టియన్ కూపర్ అనే నల్లజాతి పక్షి పరిశీలకుడు, కుక్కకు గొలుసు వెయ్యమని ఒక తెల్లామెను అడిగినందుకు ఆమె పోలీసులకు ఫోను చేసింది. ఆ వారంలోనే నల్లజాతి పరిశీలకులు తమ పేరుతో ఒక వారోత్సవం మొదలుపెట్టారు. మెడలో బైనాక్యులర్లు ఒకటే, వాటిని వేసుకున్న ఒంటి రంగును బట్టి అనుమానం. మా దగ్గర చదువుకున్న దళిత విద్యార్థులకు ఈ సంగతి విడమర్చి చెప్పాల్సిన పని పడలేదు. గేటు కాడ 'నువ్వెవరు, ఎందుకొచ్చినవ్' అన్న ప్రశ్న వాళ్ళకు అలవాటే.

మన నగరంలో పటం కథ ఇంకో రకంగా నడిచింది. చెరువుకు 'ఎఫ్‌టీఎల్' అని ఒక గీత ఉంటుంది. నీళ్ళు నిండుగా ఉన్నప్పుడు వచ్చే అంచు. పది హెక్టార్లకు మించిన చెరువైతే ఆ గీత అవతల 30 మీటర్లు, చిన్నదైతే 9 మీటర్లు కట్టడాలు ఉండొద్దు. ఆ గీతకు మూలం మత్తడి మట్టం. మత్తడి ఎక్కడుండేదో, దాన్ని ఎవరు ఎప్పుడు పగలగొట్టి కిందికి దించారో నీరటి కుటుంబాలకు తెలుసు. గీత గీసేటప్పుడు వాళ్ళను పిలవరు. శిఖం భూమిలో రాత్రికి రాత్రి మట్టి పోసినవాళ్ళు, దానికి కాగితాలు పుట్టించినవాళ్ళు, అమ్ముకొని పోయినవాళ్ళు గీత పడేనాటికి అక్కడ ఉండరు. ఆఖరికి నూరు గజాలు కొనుక్కున్నోడు, గుడిసె వేసుకున్నోడు దొరుకుతాడు.

మూసీ ఒడ్డున ఇదే జరిగింది. 1990ల చివర నందనవనం పేరుతో నదిని అందంగా చేస్తామన్నారు, గుడిసెలు లేపారు. 2024 జూలైలో చెరువులు, నాలాల ఆక్రమణల మీద పనిచెయ్యడానికి హైడ్రా వచ్చింది. పెద్దవాళ్ళ కట్టడాలూ కొన్ని కూలాయి, ఆ మాట చెప్పాలి. ఆ సెప్టెంబరు చివర మూసీ నదీగర్భంలో సర్వే చేసినవాళ్ళు ఇండ్ల గోడల మీద ఎర్రరంగుతో గుర్తులు వేశారు. నది బాగుపడాలనడంలో మాకు రెండో మాట లేదు. కాని నగరం మురుగంతా మోస్తున్న ఆ నీళ్ళతోనే అంబర్‌పేట, రామంతాపూర్ వైపు ఏండ్ల తరబడి బర్రెల గడ్డి, ఆకుకూరలు పండించి బతికినవాళ్ళున్నారు. ఏ నాలాలో ఏ నీళ్ళు వస్తాయో వాళ్ళకు తెలుసు. మురుగు వదిలినవాళ్ళ గోడల మీద ఎర్ర గుర్తులు పడలేదు. నదిలో పిట్టల్ని లెక్కించే సర్వే ఒకటి, ఇండ్లను లెక్కించే సర్వే ఇంకొకటి. రెండూ ఏనాడూ ఒక్కచోట కూర్చోలేదు. కూర్చుంటే మొదటి ప్రశ్న మురుగు మీద పడేది.

గచ్చిబౌలి కంచ

కంచ అంటే మేతకు వదిలిన భూమి. పొదలు, బండలు, గడ్డి, వానాకాలపు కుంటలు. రెవెన్యూ కాగితాల్లో అది ఖాళీ జాగా. మేకలకాపరికి అది ఖాళీ కాదు. 1974లో ఏర్పడిన హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం అటువంటి భూముల్లోనే నిలబడింది. దాన్ని ఆనుకునే గచ్చిబౌలి కంచలో 400 ఎకరాలున్నాయి. 2025 మార్చి 30న అక్కడికి బుల్డోజర్లు దిగాయి. విద్యార్థులు అడ్డం పోయారు. పోలీసులు పట్టుకపోయారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పనులు ఆపించింది.

ఆ రోజుల్లో అందరూ అడిగిన ప్రశ్న: ఇది అడవేనా? జవాబు చెప్పింది ఎవరు? అక్కడ చదువుకున్న విద్యార్థులు, పూర్వ విద్యార్థులు, ఉపాధ్యాయులు ఏండ్లుగా రాసిపెట్టిన జాబితాలు. రెండు వందలకు మించిన పక్షి జాతులు, జింకలు, తాబేళ్ళు, ఈ నగరం పేరే పెట్టుకుని 2010లో శాస్త్రానికి పరిచయమైన ఒక సాలీడు. ఎవరి ఆజ్ఞ లేకుండా తరగతికి పోయే ముందు, వచ్చిన తర్వాత రాసిన లెక్క అది. ఖాళీ జాగా అన్న కాగితం ముందు ఆ లెక్క నిలబడింది. క్షేత్ర పరిశీలన రాజకీయమా అని అడిగేవాళ్ళకు ఇంతకంటే జవాబు అక్కర్లేదు.

అదే ఆవరణకు ఇంకో జ్ఞాపకం ఉంది. 1993లో అక్కడ అంబేడ్కర్ స్టూడెంట్స్ అసోసియేషన్ పుట్టింది. 2016 జనవరిలో హాస్టల్ నుంచి వెలివేసిన అయిదుగురు పరిశోధక విద్యార్థులు ఆ ఆవరణలోనే బయట గుడారం వేసుకున్నారు. దానికి 'వెలివాడ' అని పేరు పెట్టారు. వాళ్ళలో ఒకడు, రోహిత్ వేముల, ఆ జనవరి 17న ప్రాణం తీసుకున్నాడు. విజ్ఞానశాస్త్రం గురించి రాయాలని కోరుకున్నవాడు, ప్రకృతిని ప్రేమించినవాడు. కంచను కాపాడుకున్న గొప్పతనాన్నీ, వెలివాడ పుట్టిన సిగ్గునూ ఆ ఆవరణ కలిపే మోయాలి. ప్రకృతిని ప్రేమించే హక్కు, దాని మీద రాసే హక్కు మనుషులందరికీ సమానంగా లేనంతకాలం ఏ జాబితా పూర్తి కాదు.

మా అనుభవం

ఈ మాటలు ఒడ్డున నిలబడి చెప్పడం లేదు. మేమూ తప్పులు చేశాం. నగరానికి తూర్పున ఒక చెరువు దగ్గర విద్యార్థులు, ఉపాధ్యాయులు కలిసి ఏడాది పాటు పరిశీలన చెయ్యాలనుకున్నాం. ఊరి పేరు రాయడం లేదు, ఎందుకో కిందనే తెలుస్తుంది. మొదటిరోజు పొద్దున ఆరు గంటలకు టేపు, ఫోన్లు, ఇంగ్లీషులో అచ్చువేసిన కాగితాలు పట్టుకొని పోయాం. గడ్డి కోస్తున్న ఒకామె కొడవలి ఆపి అడిగింది: "ఏం రాస్తుండ్రు బిడ్డా, మా ఇండ్లా?" కాదమ్మా, పిట్టల్ని రాస్తున్నమన్నాం. "పిట్టలని జెప్పే వస్తరు, ఇండ్లు రాసుకపోతరు" అన్నది. మేము మా కాగితం చూసుకున్నాం. ఎక్కడినుంచో తెచ్చి వాడుకున్న ఆ నమూనాలో 'ఆక్రమణలు' అని ఒక గడి ఉన్నది. ఒక విద్యార్థి అప్పటికే అందులో గుడిసెల సంఖ్య వేసి ఉన్నాడు! ఆ పిల్లవాడిదీ అటువంటి బస్తీయే. కాగితంలో గడి ఉంటే చెయ్యి నింపుతుంది. ఆరోజు మేము లెక్క ఆపి వెనక్కి వచ్చాం.

రెండు వారాల తర్వాత బస్తీ పెద్దలతో కూర్చుని మళ్ళీ మొదలుపెట్టాం. చిన్నప్పుడు తండ్రి వెంట నీరటి పని చేసిన ఒక తాత మాతో నడిచాడు. "తూము ఈడ గాదు సార్, ఆ అపార్ట్‌మెంటు కింద ఉన్నది" అని చూపించాడు. గడ్డి కోసే ఆమె చెప్పిన సంగతి మా ఏడాది లెక్కనే మార్చింది. "మీరు తెల్లారి వస్తరు. నీళ్ళు ఖరాబయ్యేది రాత్రి. ట్యాంకర్లు అర్ధరాత్రి దాటినంక వస్తయి, తెల్లారేసరికి వాసన పోతది" అన్నది. పొద్దున పిట్టలు తగ్గాయని మేము రాస్తున్నాం, ఎందుకు తగ్గాయో ఆమెకు తెలుసు. గుర్రపుడెక్కను మిషనుతో ఒకేసారి లాగితే దాని మీద గూడు కట్టే బుడుబుంగలు పోతాయనీ, ఒక పక్క ఉంచి ఒక పక్క తియ్యాలనీ కాంట్రాక్టు కూలీలు చెప్పారు. ఏ కాలంలో తియ్యాలో వాళ్ళను అడిగి టెండరు పెట్టిన అధికారి ఎవరూ లేరు.

ఏం చెయ్యాలి?

దీన్నుంచి మేము నేర్చుకున్నది ఇక్కడ పెడుతున్నాం. విద్యార్థులు, ఉపాధ్యాయులు, సంఘాలు తమ చెరువు, తమ గుట్ట దగ్గర దీన్ని సరిచూసుకోవాలి.

ఒకటి, పద్ధతి గట్టిగా ఉండాలి. నిలబడే చోట్లు ముందే గుర్తుపెట్టుకోవాలి. ప్రతిసారీ అవే చోట్లు, అదే వేళ, అంతే సేపు. ఏమీ కనబడకపోతే ఏమీ కనబడలేదని రాయాలి. అన్ని కాలాల్లో పోవాలి, ఒక్క జనవరిలోనే కాదు. ఒక్కో చెరువుకు ఒక్కరు బాధ్యులుండాలి. గొలుసులో పై చెరువు, కింది చెరువు బాధ్యులు ఒకరి కాగితం ఒకరు చూడాలి. పేదల పక్షాన ఉన్నాం కాబట్టి లెక్క తప్పినా పర్వాలేదనుకోవద్దు. తప్పు లెక్కను కోర్టులో మొదట కొట్టేసేది మన శత్రువే.

రెండు, ప్రశ్న కలిసి తయారుచెయ్యాలి. మొదటి సమావేశం బస్తీలో జరగాలి, వాళ్ళ పని అయిన తర్వాత జరగాలి. కాగితం తెలుగులో, అవసరమైన చోట ఉర్దూలో ఉండాలి. పక్షి పేరు పక్కన అక్కడివాళ్ళు పిలిచే పేరు రాయాలి. పరిశీలన వేళలు మన తీరికను బట్టి కాకుండా చెరువుకు జరిగేదాన్ని బట్టి పెట్టాలి. రాత్రి చూడాల్సింది రాత్రే చూడాలి, అయితే ఒంటరిగా ఎవర్నీ పంపొద్దు.

మూడు, దారి చూపినవాళ్ళకు కూలి ఇవ్వాలి, వాళ్ళు ఒప్పుకుంటే పేరు రాయాలి. అచ్చులో వచ్చేటప్పుడు 'స్థానికుల సహకారంతో' అన్న ఒక్క ముక్కతో సరిపెట్టొద్దు. మురుగు నీళ్ళలో దిగాల్సిన పని ఉంటే బూట్లు, తొడుగులు మనకు ఎట్లానో వాళ్ళకూ అట్లానే. దళిత విద్యార్థుల్ని సంచులు మొయ్యడానికి, అగ్రవర్ణ విద్యార్థుల్ని పెన్ను పట్టడానికి పెట్టే అలవాటు మన గుంపుల్లోనూ ఉన్నది. దాన్ని మొదటిరోజే తెంచాలి.

నాలుగు, సమాచారం ఎవరిది? మనుషుల ఇండ్లు, గుడిసెలు, వాటి ఆనవాళ్ళు పక్షుల కాగితంలో రాయొద్దు. ఫోటోల్లో పడొద్దు. మేము ఊరి పేరు రాయనిది ఇందుకే. మురుగు గొట్టాలు, రాత్రి ట్యాంకర్లు, మట్టి పోసిన జాగాలు మాత్రం తేదీ, వేళతో సహా రాయాలి. ఫలితాలు మొదట బస్తీలో చదివి వినిపించి, ఒక నకలు అక్కడే ఉంచిన తర్వాతే పత్రికకైనా, ఆఫీసుకైనా ఇవ్వాలి.

ఇవన్నీ పాటిస్తే పని ఆలస్యమవుతుందని అనేవాళ్ళున్నారు. నిజమే, అవుతుంది. మాకు రెండు వారాలు ఆలస్యమైంది. ఆ రెండు వారాలు లేకపోతే ఏడాది పాటు తప్పు లెక్క రాసేవాళ్ళం.

చెరువు గురించి మాట్లాడటం దళిత ఉద్యమానికి కొత్త కాదు. 1927 మార్చి 20న బాబాసాహెబ్ అంబేడ్కర్ వేలమందితో నడిచి నీళ్ళు తాగింది మహాడ్ పట్టణంలోని చెరువులోనే. 1985 జూలైలో కారంచేడులో మాదిగల మీద జరిగిన మారణకాండ, తాము తాగే చెరువు నీళ్ళను ఖరాబు చెయ్యొద్దని అడగడం దగ్గరే మొదలైంది. నీళ్ళు శుభ్రంగా ఉండాలన్న మాటను ఈ నేల మీద అందరికంటే ముందు, అందరికంటే ఎక్కువ ఖరీదు చెల్లించి అన్నది ఎవరు? ఆ చరిత్ర తెలిసినవాళ్ళకు పర్యావరణం ఎవరో నేర్పాల్సిన పాఠం కాదు, తమ చేతుల్లోంచి గుంజుకున్న పని. ఆ పనిని మళ్ళీ చేతిలోకి తీసుకోవాలి. వచ్చే జనవరిలో కట్ట మీద నిలబడేటప్పుడు ఒకసారి కిందికి చూడండి, దిగి అడగండి, పెన్ను వాళ్ళ చేతికివ్వండి. వాళ్ళు రాయమన్నదే మొదట రాయండి.